టికెట్ ఎల్బీనగర్‌కి, దిగేది కొత్తపేటలో

బట్టలు నానబెట్టే ముందు అందరి జేబులూ వెతకడం నాకు అలవాటు. ఒకసారి పెన్ను చూసుకోకుండా వేసేసి నాలుగు చొక్కాలు పాడుచేసుకున్న అనుభవం మరి. పోయినేడాది ఒక ఆదివారం అలా వెతుకుతుంటే మావాడి ప్యాంటు జేబులో సిటీ బస్ టికెట్లు ఉండలు చుట్టుకుని దొరికాయి, ఏడో ఎనిమిదో. విప్పి చూస్తే అన్నీ మలక్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి. మా ఇల్లేమో కొత్తపేటలో. ఎల్బీనగర్ మా స్టాప్ దాటాక వస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లాడు ట్యూషన్ అయ్యాక ఇంటికి రాకుండా ఎల్బీనగర్‌లో ఏం చేస్తున్నట్టు? తల్లి బుర్ర కదా, క్షణంలో ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. సిగరెట్లు, స్నేహాలు, ఇంకా ఏవేవో.

రాత్రి అన్నం పెడుతూ అడిగాను. వాడు తల ఎత్తకుండా పప్పు కలుపుకుంటూనే చెప్పాడు.

"కొత్తపేటలోనే ది... దిగుతానమ్మా. కండక్టర్‌కి ఆ పేరు చె... చెప్పలేను. ఎల్బీనగర్ అంటే టక్కున వచ్చేస్తుంది."

"ఎప్పట్నుంచి రా?"

"సె... సెవెంత్ నుంచి."

రెండేళ్లు! ఎక్కువైన ఆ ఐదు రూపాయలు వాడి సమోసా డబ్బుల్లోంచి పోతున్నాయి, నాకు తెలియనే తెలియదు. అంతకంటే పెద్ద దెబ్బ ఏంటంటే, అప్పటికి నేను వాడి నత్తి బాగా తగ్గిపోయిందని అందరికీ చెప్పుకుంటున్నాను. తగ్గలేదు, దాక్కుంది.

దాక్కోవడానికి తెలుగు భలే అనువైన భాష అని నాకు ఆ తర్వాతే అర్థమైంది. మాటల్ని ఎటు తిప్పినా అర్థం చెడదు కదా. "పెరుగు వెయ్యి" రాకపోతే "వెయ్యమ్మా కొంచెం, అదే, ఆ గిన్నెలోది" అంటాడు. "మంచినీళ్లు" మొండికేస్తే "నీళ్లు". వాడికి వంకాయ ఇష్టం లేదనుకున్నాను ఇన్నాళ్లూ, ఇష్టమేనట, అడగడమే కష్టమట. వాక్యం మధ్యలో ఉండగానే రాబోయే గొయ్యి వాడికి ముందే కనిపిస్తుంది, దాన్ని తప్పించి పక్క సందులోంచి వచ్చేస్తాడు. బయటికి మాత్రం కాస్త ఆలోచించి మాట్లాడే నెమ్మదైన కుర్రాడిలా కనిపిస్తాడు. టీచర్లు కూడా "చాలా కామ్ అండీ మీ అబ్బాయి" అని మెచ్చుకునేవారు, నేను మురిసిపోయేదాన్ని.

కానీ ఊరి పేర్లకి, మనుషుల పేర్లకి పక్క సందులుండవు. అన్నిటికంటే మొండిది వాడి సొంత పేరే. ఉత్తర మూడో పాదంలో పుట్టాడు, 'ప' అక్షరం వచ్చింది అన్నారు పంతులుగారు. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి వాళ్ల నాన్న ఉంగరంతో ఎంతో ముచ్చటగా రాసిన ఆ 'ప' దగ్గరే వీడు ఇవాళ్టికీ ఇరుక్కుంటాడు. పెదాలు రెండూ అతుక్కుపోతాయి, శబ్దమే రాదు, మెడ నరం ఒకటి ఉబ్బుతుంది, కుడికాలి బొటనవేలు చెప్పులో కొట్టుకుంటూ ఉంటుంది. చూసేవాళ్లకి తన పేరు తనే మర్చిపోయాడా అనిపిస్తుంది. ఒకాయన నవ్వుతూ ఆ మాట అన్నాడు కూడా.

వాడికి మూడున్నరేళ్లప్పుడు మొదలైంది. ఒక రోజు పొద్దున్నే లేచి "అ అ అ అమ్మా" అన్నాడు, ముద్దుగా ఉందని వాళ్ల అక్క కూడా అలాగే అంది. వారం గడిచినా పోలేదు. మా అత్తయ్యగారు ఒక్కసారి విని "మేనమామ పోలిక" అని తేల్చేశారు. ఆవిడ తప్పేం అనలేదు. మా తమ్ముడికి నత్తి. మా తాతయ్య అన్నగారికి కూడా ఉండేదట. వంశంలో ఇలా రావడం నిజమేనని డాక్టర్లే చెప్తారు. 2010లో అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు నత్తితో సంబంధం ఉన్న జన్యుమార్పుల్ని మొదటిసారి పట్టుకున్నారు, అదీ పాకిస్తాన్‌లో దగ్గర బంధువుల్ని చేసుకునే కుటుంబాల దగ్గర మొదలుపెట్టి. అలాంటి కుటుంబాల్లో జన్యువుల జాడ పట్టడం తేలికట. మాది మేనరికం కాదు, అయినా ఇది చదివాక మాత్రం ఎందుకో కొంచెం ఊపిరాడింది. నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశాననీ, వాణ్ని చీకట్లో భయపెట్టాననీ అన్నవాళ్లున్నారు మరి.

మొదట్లో కంగారు పడొద్దనే అన్నారు. నూటికి ఐదుగురు పిల్లలు రెండేళ్లకీ ఐదేళ్లకీ మధ్య కొన్నాళ్లు ఇలా తడబడతారు, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాక కూడా మిగిలేది సుమారుగా నూటికి ఒకరికి. అందులో మగవాళ్లు ఎక్కువ, ఒక ఆడమనిషికి నలుగురు చొప్పున. నాకు లెక్కలు బాగానే వచ్చు, ఆ ఒక్కడు మావాడు కాడనే అనుకున్నాను. ఆరేళ్లు వచ్చాక ఇక అనుకోవడం మానేశాను.

ఆ మధ్యలో మేం చేయని పని లేదు. వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాలిక మీద రాశాం. (వస తాగించకుండానే వాళ్లక్క వసపిట్ట అయి కూర్చుంది, దానికేం చేయాలో ఎవరూ చెప్పలేదు.) గులకరాళ్లు నోట్లో పెట్టుకుని గట్టిగా చదివించమన్నారు ఒకరు. ఎప్పుడో రెండువేల మూడొందల ఏళ్ల కిందట గ్రీకు దేశంలో డెమోస్తనీస్ అనే ఆయన చేశాడని చెప్పుకునే వైద్యం అది, మా ఎదురింటి అంకుల్ దాకా ఎలా వచ్చిందో గానీ. ఐదేళ్ల పిల్లాడు రాయి మింగితే ఎవరిది పూచీ? నాలిక కింద నరం కోయించమన్నారు, దానికీ నత్తికీ సంబంధమే లేదు. పేపర్లో "ఇరవై ఒక్క రోజుల్లో నత్తి మాయం" అన్న ప్రకటన చూసి ఒకచోట చేర్చాం కూడా. ఇరవై రెండో రోజున ఇంట్లో ఎంత బాగా మాట్లాడాడో! నెల తిరిగేసరికి అంతా మామూలే, డబ్బులు మాత్రం పోయాయి. ఇప్పుడెవరైనా అడిగితే ఒక్కటే చెప్తున్నాను. స్పీచ్ థెరపిస్ట్ అని బోర్డు కనిపిస్తే ముందు ఆర్సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, సిగ్గుపడకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి సమస్యల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టినది, వాకబు చేయండి.

ఇన్ని చేసినా నేను చేసిన అసలు తప్పు ఇవేవీ కాదు.

టికెట్ల సంగతి బయటపడ్డాక మళ్లీ థెరపీకి వెళ్లాం. ఈసారి దొరికినావిడ చిన్నమ్మాయే, గట్టిగా ముప్పై ఏళ్లుండవు. మొదటి రోజు వాణ్ని ఏమీ అనలేదు. "మీరిద్దరూ మామూలుగా మాట్లాడుకోండి" అని ఫోన్ అక్కడ పెట్టి పది నిమిషాలు వీడియో తీసి, ఆ తర్వాత వాణ్ని బయట కూర్చోబెట్టి నాకు చూపించింది. పది నిమిషాల్లో వాడి మాటని నేను పద్నాలుగు సార్లు పూర్తి చేశాను. వాడు "నాకు ఆ... ఆ..." అంటుంటే "ఆకలేస్తోందా?" అని నేను. వాడు తల అడ్డంగా ఊపి మళ్లీ "ఆ..." అంటే "ఆడుకోవాలా?" అని మళ్లీ నేనే. వాడు చెప్పాలనుకున్నది ఆదిత్య అనే క్లాస్‌మేట్ గురించి. చివరికి "ఏం లేదులే" అని ఊరుకున్నాడు. ఆ "ఏం లేదులే" మాత్రం ఎక్కడా తడబడకుండా, గాజులా నున్నగా వచ్చింది. వీడియోలో నా మొహం కూడా కనబడుతోంది. వాడి మాట ఆగిన ప్రతిసారీ నా కనుబొమలు పైకి లేస్తున్నాయి, పెదాలు వాడితోపాటు కదులుతున్నాయి, గ్యాస్ మీద పాలు పొంగుతున్నట్టు చూస్తున్నాను వాణ్ని.

ఇంక ఆ "నెమ్మదిగా చెప్పు నాన్నా, గాలి పీల్చుకుని చెప్పు" అన్నది ఎన్ని వేలసార్లు అన్నానో. ప్రేమగానే అన్నాను. వాడికి మాత్రం వినిపించింది "నువ్వు మాట్లాడే పద్ధతి తప్పు" అనే.

అప్పుడు నేను కూర్చుని చాలా చదివాను, చదవకుండా ఉంటే బావుండు అనిపించేంత. అమెరికాలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు, ఆయనకీ నత్తే. నత్తి పిల్లాడి నోట్లో కాదు, తల్లిదండ్రుల చెవిలో మొదలవుతుందని ఆయన వాదం. రెండు రాత్రులు నిద్రపోలేదు నేను. తర్వాత తెలిసింది, కారణం అది కాదని, ఆ వాదం నిలబడలేదని. తల్లిదండ్రుల వల్ల నత్తి రాదు. కానీ ఆయన దగ్గరే 1939లో అయోవాలో ఒక ప్రయోగం జరిగింది, అనాథాశ్రమంలో 22 మంది పిల్లల మీద. మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని చేసింది. మామూలుగా మాట్లాడే పిల్లల్ని కొందర్ని పట్టుకుని "నీకు నత్తి వస్తోంది, సరిగ్గా చెప్పలేకపోతే అసలు మాట్లాడకు" అని మాటిమాటికీ సరిదిద్దారు. ఆ పిల్లలు మాట్లాడ్డం తగ్గించేశారు, ముడుచుకుపోయారు. ఆ యూనివర్సిటీ 2001లో క్షమాపణ చెప్పింది. నేను చదువుతూ చదువుతూ మా డైనింగ్ టేబుల్ వైపు చూశాను.

సరే, కిరాణా కొట్టు సంగతి చెప్పాలి.

రెండో వారం ఆ అమ్మాయి నాకు హోంవర్క్ ఇచ్చింది. వాడికి కాదు, నాకు. కొట్టుకెళ్లి కావాలని నత్తిగా మాట్లాడి ఏదైనా కొనుక్కురావాలి, వాడు పక్కనుండి చూడాలి. నత్తి ఉన్నవాళ్ల చేతే ఇలా కావాలని చేయిస్తారట, భయం వదలడానికి. తల్లి కూడా ఒకసారి ఆ చెప్పుల్లో కాలు పెట్టి చూడాలంది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. కాలేజీలో నాటకాలు వేసినదాన్ని.

సాయంత్రం ఏడింటికి వెళ్లాం. కొట్టు ముందు నలుగురున్నారు. పదేళ్లుగా తెలిసిన కొట్టే, ఆయన నన్ను "అక్కా" అంటాడు. నా వంతు వచ్చింది. "క... క..." అన్నాను. అంతే, చెమట పట్టేసింది. పక్కనున్నావిడ నా వైపు తిరిగి చూసింది. ఆవిడ కళ్లలో ఏముందో నాకు తెలియదు, జాలో, చిరాకో, అసలేమీ లేదో, నాకు మాత్రం వేడి నూనె చిట్లి మీద పడ్డట్టయింది. కొట్టాయన "కారమా అక్కా?" అన్నాడు. కాదని తలూపి మళ్లీ "కం... కం..." అన్నాను. "కంఫర్టా? నీలమా, పింకా?" అని అప్పుడే వెనక్కి తిరిగి ఆ ప్యాకెట్ల దండ లాగుతున్నాడు. నాకు కావాల్సింది అరకిలో కందిపప్పు. "పింక్" అనేశాను. పింక్ కంఫర్ట్ తీసుకుని బయటికొచ్చాను. పప్పు లేదు. వద్దనుకున్నది కొనుక్కుని రావడమంటే ఏంటో, ఎల్బీనగర్ టికెట్ అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

మావాడు కొట్టు బయట కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అమ్మా, నీ న... నత్తి అస్సలు బాలేదు. ఎవరూ న... నమ్మరు. అలా క... కళ్లు పెద్దవి చేస్తే ఎలా, బెదిరిపోతారు." తర్వాత వాడే లోపలికెళ్లి, వాడి పద్ధతిలో, ఆరేడు సార్లు 'క' అని, కందిపప్పు తెచ్చాడు. కొట్టాయన మధ్యలో ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆగమన్నాట్ట. వాడికి అప్పటిదాకా నేను చాలా నేర్పించాననుకున్నాను, ఆ పూట మాత్రం వాడే మాస్టారు. ఇంటికొచ్చేదాకా నాకు నత్తి పాఠాలు చెప్తూనే ఉన్నాడు.

నత్తిని ఎగతాళి చేసేవాళ్లకంటే నాకు కొత్తగా విసుగొస్తున్నది అనుమానించేవాళ్లంటే. వినాయక చవితికి "శుక్లాంబరధరం" దగ్గర్నుంచి మొదలెట్టి వాడు మొత్తం గడగడా చదివేస్తాడు. వేమన పద్యాలు క్లాసంతా కలిసి చెప్తుంటే వాడి గొంతే పైన వినిపిస్తుంది. సినిమా పాటలు సరేసరి. దాంతో చుట్టాలు "పద్యం వచ్చినవాడికి మాటెందుకు రాదు, వేషాలు కాకపోతే" అంటారు. పాడేటప్పుడూ, నలుగురితో కలిసి చదివేటప్పుడూ నత్తి దాదాపుగా రాదు, అది ప్రపంచంలో ఎక్కడైనా అంతే. అందుకే స్కూల్లో అటెండెన్స్‌కి "ప్రెజెంట్ మేడమ్" అనలేని పిల్లాడు ప్రేయర్‌లో హాయిగా పాడతాడు. క్లాస్ టీచర్‌కి ఉత్తరం రాశాం, వాడే రాశాడు సగం. "నాకు టైమ్ ఇవ్వండి, నా బదులు ఎవరినీ చెప్పనివ్వకండి, నన్ను వదిలేసి పక్కవాణ్ని అడక్కండి" అని. ఆవిడ చదివి, "ప్రెజెంట్ అనక్కర్లేదు, చెయ్యెత్తు చాలు" అంది. మంచి ఉద్దేశమే. వాడు వద్దన్నాడు. అంటాను, కానీ లేటవుతుంది అన్నాడు.

హృతిక్ రోషన్‌కి కూడా ఉండేదట, ఇంగ్లండ్ రాజు ఆరో జార్జికి ఉండేదట అని ధైర్యం చెప్పేవాళ్లకి ఒక దండం. నేనూ చెప్పాను ఒకప్పుడు. "ఆయన డాన్స్ చే... చేస్తాడమ్మా, నాకు డాన్స్ రాదు. రాజ్యం కూడా లే... లేదు" అన్నాడు.

వాడికి హృతిక్ రోషన్ కంటే పనికొచ్చింది మా తమ్ముడు. వాడిది తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉద్యోగం, లెక్కలు రాసే పని. మాట్లాడక్కర్లేని పనే ఏరికోరి తీసుకున్నాడు. వాడి పెళ్లిచూపులకి వెళ్లేముందు మా నాన్న అన్న మాట నాకింకా గుర్తు, "నువ్వు నవ్వుతూ కూర్చోరా, మిగతాది మేం చూసుకుంటాం." వాడు గంటన్నరసేపు నవ్వుతూ కూర్చున్నాడు. సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక మూడో రోజు మా మరదలికి సంగతి తెలిసి ఏడ్చింది, నత్తి ఉందని కాదట, దాచారని. ఆ ఏడుపు వాడి మనసులో పదిహేనేళ్లు ఉండిపోయింది. ఫోన్ మోగితే భార్యకిచ్చేవాడు. నాతో కూడా వాట్సాప్‌లో మెసేజే.

టికెట్ల గొడవ అయ్యాక మావాడు ఒక రోజు వాళ్ల మామయ్యకి ఫోన్ చేశాడు. మరదలు ఎత్తితే "మా... మామయ్యకివ్వు అత్తా" అన్నాడు. ఆ ఫోన్ నలభై నిమిషాలు నడిచింది. ఇద్దరు మామూలు మనుషులైతే పావుగంటలో అయిపోయే మాటలే. నేను వంటింట్లోంచి వింటున్నాను. మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత పకపకా నవ్వు. ఇప్పుడు ప్రతి ఆదివారం చేసుకుంటారు, క్రికెట్ తప్ప వేరే సంగతి ఉండదు. మా తమ్ముడు టీసా వాళ్ల ఆన్‌లైన్ మీటింగ్‌లకి కూడా వెళ్తున్నాడు, అంటే ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్, నత్తి ఉన్నవాళ్లు తమకోసం తాము నడుపుకునేది. కెమెరా ఆన్ చేసి పేరు చెప్పాడట. నలభై నాలుగేళ్ల మనిషి అది నాకు ఫోన్ చేసి చెప్పాడు, మెసేజ్ పెట్టలేదు.

అలాగని అంతా బావుందని కాదు. పరీక్షలప్పుడు ఎక్కువవుతుంది, జలుబు చేస్తే ఎక్కువవుతుంది, కొన్నిసార్లు కారణమే ఉండదు. రేపు ఇంటర్వ్యూలంటే నాకిప్పటికీ గుండె దడే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" లాంటి సామెతలన్నీ గడగడా మాట్లాడేవాళ్లే కట్టుకున్నారని ఒక్కోసారి ఉక్రోషం వస్తుంది. మాట పూర్తి చేసే అలవాటు నాకింకా పూర్తిగా పోలేదు. మరీ ఆపుకోలేకపోతే నాలిక పంటి కింద పెట్టుకుంటాను.

పోయిన నెల ఇద్దరం మలక్‌పేటలో బస్సెక్కాం. కిక్కిరిసి ఉంది. నాకైతే జీరో టికెట్టు, వాడు కొనుక్కోవాలి. కండక్టర్ దగ్గరికొచ్చింది. "ఎక్కడికి బాబూ?" "కొ..." అని ఆగిపోయాడు. ఆగిపోవడమంటే మామూలుగా కాదు, బస్సు సిగ్నల్ దాటేసింది. నేను కిటికీలోంచి మెట్రో పిల్లర్ల నంబర్లు చదువుతున్నాను, నాలిక పంటి కిందే ఉంది. వెనక సీట్లో పెద్దాయన ఉండబట్టలేక "నెమ్మదిగా చెప్పు నాన్నా" అన్నాడు. వీడు వెనక్కి తిరిగి, "నె... నెమ్మదిగానే చెప్తున్నా తా... తాతగారూ, ఇంతకంటే నెమ్మదిగా అయితే బ... బస్సు డిపోకెళ్లిపోతుంది" అన్నాడు. కండక్టర్ పకాలున నవ్వింది. "కొత్తపేట ఒకటి" అన్నాడు వాడు, రెండుసార్లు 'కొ' తో.

పెద్దాయన కాస్త ఇబ్బంది పడి, తర్వాత పక్కకి జరిగి వాడికి కూర్చునేంత చోటిచ్చాడు. ఏం చదువుతున్నావన్నాడు, పదో తరగతి అన్నాడు వీడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారట. లెక్కల్లోంచి ఎలా వెళ్లారో తెలియదు, హైదరాబాద్ జట్టులో పేస్ బౌలర్లెందుకు తక్కువ అన్న దగ్గర తేలారు. వాడు సిరాజ్ పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది, "స్‌స్‌స్‌" అని సాగుతూనే ఉంది, ఆయన అసలు కదలకుండా విన్నాడు. నేనూ వింటూ ఉండిపోయాను. వాడు బయటివాళ్లతో అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

కండక్టర్ "ఎల్బీనగర్, ఎల్బీనగర్, దిగండి" అని అరిచేదాకా ఇద్దరికీ తెలియలేదు, కొత్తపేట ఎప్పుడో దాటిపోయింది. వాడి చేతిలో కొత్తపేట టికెట్ ఉంది. ఆవిడకి కనబడకుండా దాన్ని జేబులో కుక్కుకుని ముందు వాడు, వెనక నేను గబగబా దిగేశాం, దార్లో సమోసాలు కొనుక్కుని వెనక్కి నడిచాం.